అనుమానం పెనుభూతం: హెర్పీస్‌ను గురించి కొన్ని నిజాలు

సంస్కృతంలో 'సృప్' ధాతువునకు ప్రాకుట అని అర్థం. సర్పశబ్దం దాని నుండి పుట్టినదే. ఆ ధాతువునకు సోదరమైన గ్రీకు పదం నుండి 'హెర్పీస్' అన్న పేరు వచ్చినది. ఈ వ్యాధి దేహం మీదకంటె మనస్సులోనే ఎక్కువగా ప్రాకుతుంది. సోకినదేమో అన్న శంకతో, ఎవరికీ చెప్పుకొనలేక, చదువుపై మనస్సు నిలుపలేక కృశించే యువకులు లేకపోలేదు. వారి కొరకే మేము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన పల్లెలలో కుమ్మరి చేత జాజుతో బొమ్మ వ్రాయించుకొనే 'అక్కి' వేరు. అది పూర్వం వచ్చి తగ్గిన ఆటలమ్మ వైరస్ మరల మేల్కొనుట వలన కలుగుతుంది. మనం చెప్పుకొనే హెర్పీస్ సింప్లెక్స్ రెండు రకాలు. మొదటిది సాధారణంగా బాల్యంలోనే సోకి పెదవులపై పొక్కులు కలిగిస్తుంది. జననేంద్రియాలకు కూడ సోకవచ్చును. రెండవది ముఖ్యంగా లైంగిక సంపర్కం వలన వ్యాపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020వ సంవత్సరపు అంచనా ప్రకారం 50 ఏండ్ల లోపు వారిలో నూటికి 64 మందికి మొదటి రకం ఉన్నది. ఇంతమందికి ఉన్న వ్యాధిని కళంకంగా భావించుట అవివేకం.

వైరస్ సోకిన పిమ్మట 2 నుండి 12 రోజులలో మంట, గుంపుగా చిన్న నీటిపొక్కులు, అవి చితికి పుండ్లగుట, జ్వరం, గజ్జలలో బిళ్ళలు కట్టుట కనిపించవచ్చును. చాలమందికి ఏ లక్షణమూ ఉండదు. అయితే ప్రతి దురదా హెర్పీస్ కాదు. తామర, చెమటకాయలు, క్షౌరపు గాట్లు కూడ ఇట్టి భ్రమను కలిగిస్తాయి.

పరీక్షకు వేళ ముఖ్యం. పొక్కు తాజాగా ఉండగా దాని ద్రవాన్ని తీసి చేసే పి.సి.ఆర్. పరీక్ష నమ్మదగినది. రక్తంలో ఐ.జి.జి. ప్రతిరక్షకాలు కనబడుటకు 12 వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పట్టవచ్చును. కావున మరునాడే చేయించిన రక్తపరీక్ష ఆ సంపర్కాన్ని గురించి ఏమీ చెప్పజాలదు. స్వల్పంగా 'పాజిటివ్' అని వచ్చిన ఫలితం పొరపాటు కావచ్చును. దానిని మరొక పరీక్షతో నిర్ధారించుకొనవలెను. ఐ.జి.ఎం. పరీక్ష ఇందుకు పనికిరాదు. భయంతో వారం వారం పరీక్షలు చేయించుట భయాన్ని పెంచుటయే. అయితే హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలను మాత్రం ఉపేక్షింపరాదు. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం, గోప్యం. సుఖవ్యాధులకు 'సురక్ష' క్లినిక్కులు ఉన్నవి.

ఎసైక్లోవిర్ వంటి మందులు బాధను, వ్యాధి తిరుగబెట్టుటను తగ్గిస్తాయి. దాని ఆవిష్కరణలో ముఖ్యపాత్ర వహించిన గెర్‌ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ బహుమతి పంచుకొన్నారు. కాని వైరస్ నరాల మూలాలలో దాగియుండును. దానిని సమూలంగా నిర్మూలించే మందు లేదు. గోడలపై 'శాశ్వత నివారణ' అని వ్రాయించేవారి మాట నమ్మి ధనం పోగొట్టుకొనరాదు.

లక్షణాలు లేనప్పుడు కూడ ఇది ఇతరులకు సోకవచ్చును. కండోమ్ ప్రమాదాన్ని తగ్గించునే గాని పూర్తిగా తొలగింపదు. నిర్ధారణ అయినవారు వివాహానికి ముందే నిజం చెప్పుట ధర్మం. గర్భిణులు వైద్యునికి తప్పక తెలుపవలెను, ఏలననగా ప్రసవ సమయంలో శిశువునకు సోకినచో ప్రాణాపాయం కలుగవచ్చును.

సిగ్గు రోగాన్ని దాచునే గాని తగ్గింపదు. శంక కలిగిన విద్యార్థి ముందుగా వెళ్ళవలసినది వైద్యుని వద్దకు. అట్టివానిని నిందింపక దారి చూపుట అధ్యాపకులమైన మా బాధ్యత.