స్వరమునకు లిపి

ఐరోపా సంగీతమున సుమారు 1750 నుండి 1820 వరకు గల కాలమును క్లాసికల్ యుగమందురు. హైడన్ (1732–1809), మొజార్ట్ (1756–1791), బీథోవెన్ (1770–1827) ఈ యుగపు మహాస్వరకర్తలు. వాద్యబృందమునకై వీరు రచించిన వానిలో ముఖ్యమైనది సింఫనీ. సాధారణముగా ఇందు నాలుగు భాగములుండును. వయొలిన్ మొదలగు తంత్రీవాద్యములు ఆధారముగా, వేణువు, ఓబో, ఇత్తడి కొమ్ములు, టింపనీ అను భేరీలు కలసి మ్రోగును. ఒక్కొక్క వాద్యమునకు వేరువేరు స్వరపంక్తి గలదు. అన్నియు ఏకకాలమున పొందికగా పలుకవలెను గనుక, ప్రతి స్వరమును కాగితముపై వ్రాయుట అనివార్యమైనది. 1824లో వియన్నాలో తొమ్మిదవ సింఫనీ తొలిసారి వినిపించునాటికి బీథోవెన్‌కు వినికిడి దాదాపు పూర్తిగా పోయినది. మనసున విన్న నాదమును ఆయన లిపి ద్వారానే లోకమునకు అందించెను.

సరిగా ఆ కాలముననే త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారులో తెలుగు కృతులు రచించుచుండెను. మన సంగీతమున రాగము ఒకే ధారగా సాగును. గమకము దాని ప్రాణము. గమకమును గురుముఖముననే నేర్వవలెను. అయినను, వాలాజాపేట వేంకటరమణ భాగవతులు మొదలగు శిష్యులు కృతులను వ్రాసి యుంచిరి. 1904లో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’యందు గమకములకు సైతము గుర్తులు ఏర్పరచిరి. గురువు కంఠమును లిపి పూర్తిగా పట్టజాలదు. కాని గురువు గతించిన పిమ్మట దారి చూపగలదు.

మన భువనగిరి పరిసరముల ఒగ్గుకథలు, దర్గాలలోని ఖవ్వాలీలు పెక్కు భాగము నోటి మీదనే నిలిచియున్నవి. విద్యార్థులు పెద్దల చెంతకు పోయి, తెలుగు పదమును తెలుగున, ఉర్దూ పదమును ఉర్దూన, వరుసతో సహా వ్రాసియుంచుట నేటి కర్తవ్యము.