శిల్పార్జితము - స్త్రీధనము: ఆత్రేయపురపు పూతరేకుల వృత్తి నాధారముగా ఒక విచారము

అర్థశాస్త్రమనగానే రాజనీతి స్ఫురించుట పండితలోకమున పరిపాటి. దినమునకు ఇంత యని గడించుకొను సామాన్య గృహస్థుని ధనవృద్ధిని గూర్చి, విశేషించి గృహిణి ధనవృద్ధిని గూర్చి, శాస్త్రకారులు చేసిన విచారము విద్యార్థుల దృష్టికి వచ్చుట అరుదు. వ్యవహారకాండలోని ఋణాదాన, స్త్రీధన ప్రకరణములు పరీక్షల కొఱకే చదువబడుచున్నవి. మధ్య డెల్టాలోని ఆత్రేయపురమును ఎదుట నుంచుకొని వానిని చదివినచో వాని ప్రయోజనము చక్కగా బోధపడును.

ధవళేశ్వరము ఆనకట్టకు చేరువనున్న ఈ గ్రామము 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలోను, ఆ పిమ్మట కోనసీమ జిల్లాలోను చేరినది. 1847-1852 నడుమ కాటన్ దొర నిర్మించిన ఆనకట్ట వలన ఈ ప్రాంతము వరిపంటకు నెలవైనది. ఆ వరి నుండియే పూతరేకు పుట్టినది. బియ్యమును నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలుచగా కలిపిన పిండిలో గుడ్డను ముంచి, బోర్లించి కాచిన కుండపై ఒక్కమారు లాగుదురు. క్షణములో పూత ఆరి రేకుగా లేచును. ‘పూత’యును ‘రేకు’ను కలిసిన ఈ పేరు ఎంత యథార్థమో కుండ దగ్గర నిలిచి చూచినవారికి వేరుగా చెప్పనక్కఱలేదు. ఆ రేకును తడిగుడ్డతో మెత్తబఱచి, నేయి, బెల్లపు పొడియో పంచదార పొడియో చల్లి మడతురు. సెగ యెదుట కూర్చుండి రేకు తీయువారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. ఒక్కొక్క రేకునకు లభించునది స్వల్పము. లెక్క పెరిగిన కొలదియే ఆదాయము. అంజనము తఱుగుటను, పుట్ట పెరుగుటను చూచి నేర్చుకొమ్మన్న నీతికారుల ఉపమానమునకు ఇంతకంటె తగిన ఉదాహరణము దొరకుట కష్టము.

కౌటిల్యుడు దండనీతి ప్రయోజనమును నాలుగు విధములుగా విభజించెను: లేనిదానిని పొందుట, పొందినదానిని రక్షించుట, రక్షించినదానిని పెంచుట, పెరిగినదానిని అర్హస్థానముల వినియోగించుట. ఇచట గమనింపదగినది వరుస. వర్ధనమునకు ముందు రక్షణమును నిలిపెను. లోకమున జరుగునది తఱచుగా ఇందుకు విపరీతము. చేతికి వచ్చినదానిని నిలుపుకొనక మునుపే పెంచుకొను ఆశతో అధిక వడ్డీకో, గొలుసు పథకములకో ఇచ్చి మూలమును పోగొట్టుకొనువారు ఎందఱో కలరు. రేకు తీయు స్త్రీకి ఈ క్రమము వృత్తిలోనే అలవడును. తీసిన రేకు తేమ తగిలిన చెడును, పెళుసెక్కిన విఱుగును; దానిని కాపాడినపిమ్మటనే నేయి, బెల్లముల మాట.

రక్షణమునకు ప్రథమ శత్రువు ఋణము. శాస్త్రకారులు ఋణమును నిషేధింపలేదు, హద్దు పెట్టిరి. నూఱు పణములకు నెలకు సపాదపణము ధర్మవృద్ధి యని కౌటిల్యుడు నిర్ణయించెను. మనువు చెప్పిన ఎనుబదియవ పాలును లెక్కకు అదియే. తెలుగు వాడుకలో చెప్పవలెనన్న రూపాయి పావలా వడ్డీ, అనగా సంవత్సరమునకు నూటికి 15. వ్యాపారమునకు అయిదు, అడవిదారిని పోవువారికి పది, సముద్రయానము చేయువారికి ఇరువది వఱకు కౌటిల్యుడు అంగీకరించెను. అపాయము పెరిగిన కొలది వడ్డీ పెరుగుట ఆయనకు సమ్మతమే. ఇంటిఖర్చునకు అప్పు చేసినవానిపై సముద్రవ్యాపారి వడ్డీ వేయుట కాదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మహిళా సంఘములకు పావలా వడ్డీ పథకమును ప్రవేశపెట్టినది. శాస్త్రోక్తమైన రూపాయి పావలాలో రూపాయిని విడిచి పావలానే మిగిల్చినదని చమత్కారముగా చెప్పవచ్చును.

ఇంతకంటె ముఖ్యమైనది ద్వైగుణ్య నియమము. వడ్డీ ఎంత కాలము నడచినను ఒక్కమారు వసూలు చేయునది అసలుకు రెట్టింపును మించరాదని మనువు విధించెను. ధర్మవృద్ధితో ఎనుబది నెలలకు, అయిదు పణముల వడ్డీతో ఇరువది నెలలకే ఆ హద్దు వచ్చును. ఇది పాతబడిన విధి యని తలచువారు 2010 నాటి వృత్తాంతమును స్మరింపవలెను. సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి కుటుంబములు తల్లడిల్లినప్పుడు ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టములో వడ్డీగా అసలును మించి రాబట్టరాదని ఒక నిబంధనము చేర్చబడినది. చట్టకర్తలు మనుస్మృతిని చూచి వ్రాసిరో లేదో గాని, అవసరము ఉభయులను ఒక్కచోటికే చేర్చినది.

పొదుపు విషయమున తెలుగుదేశమునకు ఒక విశేష చరిత్ర కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై స్త్రీలు తిరుగబడిరి. సారాకు పోవు సొమ్ము ఇంటనే నిలువవలెనను తలంపు నుండి దినమునకు రూపాయి చొప్పున పొదుపు ఉద్యమము వ్యాపించినది. సంవత్సరమునకు 365 రూపాయలు అల్పమే. ఆ అల్పమును విడువక చేయుటలోనే శక్తి కలదు. కౌటిల్యుడు అర్థమునకు ఆధారముగా నిలిపిన ఉత్థానము ఇట్టిదే. అది ఒకనాటి ఉత్సాహము కాదు, ఎడతెగని ఉద్యోగము. గడించినదానిని పంచుకొను తీరును గూర్చి మతభేదము కలదు. దీఘనికాయములోని సిగాలోవాద సుత్తము నాలుగు పాళ్లు చేసి రెంటిని వృత్తిలో, ఒకదానిని ఆపత్కాలమునకు నిలుపుమన్నది. భాగవతమున శుక్రుడు బలికి చెప్పిన అయిదు పాళ్లలో ధర్మము, యశస్సు, స్వజనము సైతము చేరినవి. ఏది మేలు? చిన్న ఆదాయము గల ఇంటికి సుత్తమార్గమే అనుకూలము. యశస్సునకు వేరొక పాలు తీయగల స్తోమత వారికెక్కడిది?

2023లో ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. 1999 నాటి చట్టము ననుసరించి ఈ గుర్తింపును అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. ధర్మశాస్త్రమున సాధారణద్రవ్యము అదేయములలో చేరినది. ఊరి పేరు అట్టి సాధారణద్రవ్యమే. ఒకడు నాసిరకము చేసినచో నష్టము ఊరంతటికిని. కావున నాణ్యమును కాపాడుట ఇచట సమష్టి రక్షణము.

ఇక అసలు చిక్కు స్వామ్యమున ఉన్నది. గృహిణి ఎంత ఓర్పుతో కూడబెట్టినను ఆ ధనము ఎవరిది? శిల్పము వలన స్త్రీ పొందినదానిపై భర్తకు స్వామ్యము కలదని, తక్కినది స్త్రీధనమని కాత్యాయన మతము. పుట్టింటివారిచ్చిన నగ ఆమెదట, స్వయముగా సెగకు కూర్చుండి సంపాదించినది కాదట! దీనిని సమర్థించుట కష్టము. జీమూతవాహనుడు భర్తతో నిమిత్తము లేక ఆమె వినియోగింపగలదానికే స్త్రీధనత్వమును పరిమితము చేసెను. విజ్ఞానేశ్వరుని దృష్టి విశాలము. స్త్రీధన శబ్దము యౌగికమే గాని పారిభాషికము కాదనియు, యాజ్ఞవల్క్యుని ‘ఆద్య’ శబ్దముచే రిక్థక్రయాదులన్నియు గ్రాహ్యములనియు ఆయన వ్యాఖ్యానించెను. ఈ మితాక్షరనే పదుమూడవ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించెను. ఆ యౌగికార్థమును తుదివఱకు నడిపినచో శిల్పార్జితమును వెలివేయుటకు యుక్తి మిగులదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టములోని పదునాలుగవ విభాగము స్త్రీ తన నేర్పు చేతను, శ్రమ చేతను ఆర్జించిన ఆస్తిని పేర్కొని దానిపై ఆమెకు సంపూర్ణ స్వామ్యమును ఇచ్చినది. స్త్రీధన ప్రకరణమును బోధించునపుడు కాత్యాయన, విజ్ఞానేశ్వరుల మతములకు ప్రక్కనే ఈ విభాగమును గూడ విద్యార్థుల ఎదుట నుంచుట అవసరము. రేకు తీయు ఇండ్ల నుండి వచ్చిన విద్యార్థినులు ఆ తరగతులలో కూర్చుండియుండవచ్చును.