ప్రశ్నలు - జవాబులు: ఉంగరానికి వజ్రం కట్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: మాది కొత్తవలస. మాఘంలో నాకు నిశ్చితార్థం. అమ్మాయికి వాళ్ళ నాయనమ్మ చెవులకున్న రవ్వల్లాంటి మెరుపు కావాలి. షాపుల్లో ఎన్ని రాళ్ళు చూపించినా ‘మిణుకుమిణుకుమంటున్నాయి గానీ నిండుగా లేవు’ అంటోంది. విశాఖలో ఒక వ్యాపారి ముడిరాయి తెప్పించి, సూరత్‌లో మాకు నచ్చిన తీరులో కట్ చేయిస్తానన్నాడు. రెండు క్యారెట్ల ముడిరాయి పెడితే చేతికొచ్చేది ఎనభై, తొంభై సెంట్లేనట. ‘సగానికి పైగా పొడైపోయే రాయికి డబ్బు పోస్తావేట్రా’ అని మా నాన్న ఒకటే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: నాయనా, మీ నాన్నగారి మాట ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ప్రతి ఇంట్లో వినిపించేదే. అందుకే మీ ఉత్తరం ముందు తీశాను. మనం బంగారం కొంటూ పెరిగినవాళ్ళం. బంగారంలో తూకమే ధర. తరుగు ఎక్కువ వేస్తే కంసాలి మీద కోపం వస్తుంది, అది న్యాయమే. కానీ ఆ లెక్కే తెచ్చి వజ్రం మీద పెడితే నష్టపోయేది మనమే. బంగారం ముద్దగా ఉన్నా బంగారమే. ముడివజ్రం పటికబెల్లం పలుకులా మసకగా ఉంటుంది. దాన్ని వెలిగించేది సాన.

పైనుంచి దిగిన వెలుగు అడుగు పలకలకు తగిలి, అటు నుంచి ఇటు తిరిగి, మళ్ళీ మన కంటికే రావాలి. అడుగు మరీ పల్చగా ఉంటే వెలుగు కిందికి జారిపోతుంది. మరీ లోతుగా ఉంటే రాయి నడుమ నల్లగా కనిపిస్తుంది. ఈ కోణాల లెక్కను 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఒక పుస్తకంగా రాశాడు. గుండ్రటి రాయికి అడుగు పలకలు సుమారు 40.75 డిగ్రీలు, పై పలకలు 34.5 డిగ్రీల వాలులో ఉండాలన్నాడు. ఇప్పటికీ సానవాళ్ళు ఆ అంకెల చుట్టుపక్కలే తిరుగుతున్నారు. అడుగు వాలు ఒకటి రెండు డిగ్రీలు తప్పినా రాయి చచ్చిపోతుంది. అయినా తూకం దక్కించుకోవాలని అడుగున లావుగా వదిలేసిన రాళ్ళు బజారులో బోలెడు. చీటీ మీద ఒక క్యారెట్ ఉంటుంది, వేలి మీద ఎనభై సెంట్ల రాయంత కనిపిస్తుంది. ఆ కనిపించని ఇరవై సెంట్లకూ మనం డబ్బు కడతాం. మీ నాన్నగారు భయపడాల్సింది పోయిన పొడిని చూసి కాదు, పోకుండా మిగిలిపోయిన ఈ లావును చూసి.

తూకం మీద మోజు మనకు కొత్తదేమీ కాదు. పదిహేడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు చూసిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే ఇక్కడి సానవాళ్ళ తీరు రాసిపెట్టాడు. రాయి శుభ్రంగా ఉంటే చక్రానికి అలా తాకించి వదిలేస్తారట, బరువు పోతుందన్న భయంతో. మచ్చలుంటే వాటి మీద పలకలు కోసి కప్పేస్తారట. అదే గనుల్లో దొరికిందని చెప్పే కోహినూరును 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే, చూడవచ్చిన జనం మెరుపు లేదని పెదవి విరిచారు. మరుసటి ఏడాది విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్ళను రప్పించి, ఆవిరి యంత్రంతో తిరిగే చక్రం మీద 38 రోజులు సానపట్టించాడు. 191 క్యారెట్ల వరకూ ఉన్న రాయి 105.6 క్యారెట్లకు దిగింది. మన చేతి పని ఆనవాలు దానితో పోయింది. అందుకు నాకు ఈనాటికీ బాధే. అయినా వెలుగు కోసం బరువు వదులుకోక తప్పదని ఆ రాయి కథ చెబుతుంది.

ఇక మీ అమ్మాయి సంగతి. ఆమె కన్ను మంచిది. ఇప్పటి రౌండ్ బ్రిలియంట్ సన్నటి మెరుపుల్ని చిలకరిస్తుంది. పాతకాలపు కోత వేరు. పైనుండే చదును పలక (టేబుల్) చిన్నది, నడుముకు పైభాగం (కిరీటం) ఎత్తు, పలకలు పెద్దవి, అడుగు కొసను సూదిగా ఉంచకుండా కాస్త చెక్కుతారు. దీపాల వెలుగులో బతికిన కాలం నాటి తీరు అది. రాయి కదిలినప్పుడు మెరుపు వెడల్పుగా, రంగులతో వస్తుంది. ఆమె నిండుగా అన్నది దాన్నే. ఆ తీరు రాళ్ళు మన షాపుల అరల్లో దొరకడం కష్టం. కాబట్టి మీరు కట్ చేయించుకోవడంలో అర్థం ఉంది. అదే మామూలు గుండ్రాయి కావాలంటే మాత్రం వద్దనేవాణ్ణి. ప్రపంచంలోని వజ్రాల్లో పదింట తొమ్మిది సానపట్టే ఊరు సూరత్. అక్కడి నుంచి వచ్చిన రెడీమేడ్ రాళ్ళలో మంచిది ఏరుకుంటే చాలు.

కట్ చేయించేటప్పుడు ఒక్కమాట గట్టిగా పట్టుకోండి: ముడిరాయిని మీరు కొనకండి. పూర్తయిన రాయికి, దాని బరువుకు, దాని రిపోర్టుకు డబ్బు కడతానని కాగితం మీద రాయించుకోండి. సానలో రాయి పగిలినా, లోపలి మచ్చ బయటపడినా ఆ నష్టం వ్యాపారిదే కావాలి. దానికి అతను ఒప్పుకోకపోతే ఇంకో షాపు చూసుకోండి. ముడిరాయిని ముందు స్కాన్ చేసి, లోపల మచ్చలు ఎక్కడున్నాయో పటం గీసి, ఎలా కోస్తే ఎంత మిగులుతుందో కంప్యూటర్‌లో చూస్తారు. ఆ ప్లాను మీకు చూపించమనండి. పెద్ద రాయి వచ్చే ప్లాను, అందమైన రాయి వచ్చే ప్లాను రెండూ ఉంటాయి. మీరు రెండోది ఎంచుకోండి.

పని అయ్యాక వజ్రాలను పరీక్షించే జీఐఏ గానీ ఐజీఐ గానీ ఇచ్చిన రిపోర్టు అడగండి. ఆ నంబరు రాయి నడుము అంచు మీద లేజర్‌తో చెక్కించుకోండి, పదింతల భూతద్దంలో కనిపిస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, జీఐఏ కోతకు గ్రేడు ఇచ్చేది గుండ్రటి బ్రిలియంట్లకే. మీ పాత తరహా రాయికి ఆ గ్రేడు ఉండదు, మీ కళ్ళే పరీక్ష పెట్టాలి. షాపులో దీపాల కింద పెడితే ఏ రాయైనా మెరుస్తుంది. గుమ్మం దాకా తెచ్చి నీడలో చూడండి, సాయంత్రం మసకలో చూడండి. అక్కడ బతికితే అది మంచి రాయి. ఉంగరం 18 క్యారెట్ల బంగారంలో చేయించండి, 22 క్యారెట్లది మెత్తన, రాయిని పట్టి ఉంచే ప్రాంగులు త్వరగా వంగిపోతాయి. హాల్‌మార్క్ మీద 750 అనీ, పక్కన అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ గుర్తింపు కోడూ ఉండాలి. ముహూర్తానికి కనీసం మూడు నెలల ముందు పని మొదలుపెట్టండి. సానవాణ్ణి తొందర పెట్టకూడదు.

ప్రశ్న: అమ్మమ్మ ఇచ్చిన రవ్వల దుద్దులు రెండున్నాయి. నల్లబడ్డాయి. ఒక రాయిని కొత్తగా సానపట్టించి మా అమ్మాయి నిశ్చితార్థపు ఉంగరంలో పెట్టిద్దామని ఉంది. మంచిదేనా? (నరసన్నపేట)

జవాబు: ఉంగరంలో పెట్టించండి. సానపట్టించకండి తల్లీ, దండం పెడతాను! పై ఉత్తరం చదివారు కదా. కొత్తవలస అబ్బాయి అంత ఖర్చు పెట్టి చేయించుకోబోతున్నది మీ ఇంట్లో డబ్బాలో ఉంది. మన వజ్రమే అయిన విటెల్స్‌బాక్ నీలివజ్రాన్ని 2008లో లండన్ వ్యాపారి లారెన్స్ గ్రాఫ్ కొని, తిరిగి సానపట్టించి 35.56 క్యారెట్ల నుంచి 31.06 క్యారెట్లకు దించాడు. రంగు, స్వచ్ఛత గ్రేడు పెరిగాయి. మూడు వందల ఏళ్ళ నాటి రూపం పోయిందని మ్యూజియం వాళ్ళు మండిపడ్డారు. ఆ రూపం మళ్ళీ రాదు.

మీ రాళ్ళు నల్లబడింది లోపల కాదు. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద రాళ్ళు పారించి వజ్రాలు పట్టేది ఈ గుణంతోనే. ఇన్నేళ్ళ కొబ్బరినూనె, పసుపు, సున్నిపిండి ఆ దుద్దుల వెనక పేరుకుని ఉంటాయి. వెనక మూసి ఉన్న కట్టడమైతే ఇంట్లో నీళ్ళలో నానబెట్టకండి. కింద రేకు ఉంటే అది పాడవుతుంది. నమ్మకమైన కంసాలి చేత మీ ఎదుటే విప్పించి శుభ్రం చేయించండి. అంచు పెచ్చు ఊడితే తప్ప సాన మాట ఎత్తవద్దు. ఊడినా ఆ అంచు వరకే సర్దించండి. రెండో రాయి మీరే పెట్టుకోండి, ముక్కుపుడకలో చక్కగా ఉంటుంది.

ప్రశ్న: వజ్రాన్ని సుత్తితో కొట్టినా పగలదట. షాపులో అలా పరీక్ష చేయమని అడగవచ్చా? (బొబ్బిలి)

జవాబు: పగులుతుంది. వజ్రాన్ని గీయడం కష్టం, దెబ్బకు మాత్రం పొర వెంట చీలిపోతుంది.

ప్రశ్న: తెలిసినవాళ్ళ ద్వారా జొన్నగిరి ముడివజ్రం ఒకటి చవగ్గా వస్తోంది. అది కొని ఉంగరానికి కట్ చేయిస్తే డబ్బు మిగులుతుంది కదా? (రాజాం)

జవాబు: మిగలదు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, పెరవలి చేలల్లో జనం వంగి రాళ్ళు వెతకడం ఏటా చూస్తున్నాం. వజ్రాలు దొరుకుతున్న మాట నిజం. కానీ మీ దాకా వచ్చిన రాయి వజ్రమో పలుగురాయో మీకెలా తెలుసు? నీళ్ళలో తూచి సాంద్రత కడితే వజ్రం 3.52, పలుగురాయి 2.65 వస్తుంది. ఆ పని చేశారా? నిజంగా వజ్రమే అయినా బిల్లు లేని రాయి, లోపల ఏముందో ఎవరూ స్కాన్ చేయని రాయి. అందులోంచి ఉంగరానికి పనికొచ్చే ముక్క వస్తుందన్న హామీ ఏమిటి? అంత చవగ్గా వస్తుంటే గుత్తి, జొన్నగిరి వ్యాపారులు వదిలి రాజాం దాకా ఎందుకు పంపిస్తారు? అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి.

ప్రశ్న: ల్యాబ్ వజ్రం అంటే నకిలీయేనా? (పలాస)

జవాబు: కాదు. అదీ కర్బనమే, అదీ వజ్రమే. అమెరికన్ డైమండ్ పేరుతో అమ్మే జిర్కోనియాకూ దీనికీ సంబంధం లేదు. భూమిలో కోట్ల ఏళ్ళు పట్టింది యంత్రంలో వారాల్లో పెరుగుతుంది, అంతే. 2023లో మన ప్రధాని అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్యకు ఇచ్చిన ఏడున్నర క్యారెట్ల వజ్రం ఇలాంటిదే. మామూలు షాపు టెస్టరు తేడా చెప్పలేదు, ల్యాబు రిపోర్టే చెబుతుంది. కాబట్టి ల్యాబ్ రాయి అని బిల్లు మీద స్పష్టంగా రాయించుకోండి. తిరిగి అమ్మితే చాలా తక్కువ వస్తుంది. నచ్చిన కోత చేయించుకోవాలన్న కోరిక ఉండి డబ్బు చాలని పిల్లలకు నేను చెప్పే దారి ఇదే. ముడి ధర తక్కువ కాబట్టి బరువు పోతుందన్న దిగులు లేకుండా పనివాడు కోణాలు సరిగ్గా కోయగలడు.

ప్రశ్న: మాకు నచ్చిన రాయి కాస్త పసుపుగా ఉంది. ‘కె’ కలర్ అన్నారు. వద్దనుకోవాలా? (చీపురుపల్లి)

జవాబు: తీసుకోండి. పచ్చ బంగారంలో పొదిగితే ఆ పసుపు కలిసిపోతుంది, ప్లాటినంలో పెడితేనే తెలుస్తుంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఏ సీమ వజ్రం ఏ వన్నెలో ఉంటుందో చెబుతూ కళింగ వజ్రం లేత పసుపు అన్నాడు. మనం కళింగం వాళ్ళం. రంగు మీద మిగిలిన డబ్బు మంచి కోతకు పెట్టండి.

ప్రశ్న: పిల్ల నిశ్చితార్థానికి అబ్బాయికి అర క్యారెట్ వజ్రపుటుంగరం పెట్టాలని వాళ్ళవాళ్ళు పట్టుబడుతున్నారు. ల్యాబ్ వజ్రం కుదరదట, రిపోర్టు చూపించాలట. అప్పు చేసైనా తేవాలా? (గజపతినగరం)

జవాబు: వద్దు అన్నా. పై ఉత్తరాలన్నీ ఇష్టపడి ఇచ్చుకునే ఉంగరాల గురించి. మీది అది కాదు. రాయి రిపోర్టు ముందే అడిగేవాళ్ళు రేపు ఇంకేం అడుగుతారో ఆలోచించండి. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం అడగడమే నేరం. ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళ దాకా జైలు. కేసు సంగతి తరవాత, ముందు అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఈ విషయం దాచకుండా చెప్పండి. ఆమె ఏమంటుందో వినండి. ఆ తరవాత అబ్బాయి తండ్రికి మీరే ఫోన్ చేసి, ఉంగరం పెట్టలేమని తేల్చి చెప్పండి.