శ్రీజకు రెండు పాయింట్ల దూరం

టేబుల్ టెన్నిస్‌లో చైనాదే ఆధిపత్యం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఐదు స్వర్ణపతకాలూ ఆ దేశానికే దక్కాయి. సింగిల్స్‌లో ఫాన్ ఝెండాంగ్, చెన్ మెంగ్ విజేతలుగా నిలిచారు. అయినా ఆ సంవత్సరం హైదరాబాదు క్రీడాకారిణి ఆకుల శ్రీజకు చిరస్మరణీయమైనది.

జనవరిలో అమెరికాలోని కార్పస్ క్రిస్టీలో ఆమె సింగిల్స్ టైటిల్ సాధించింది. జూన్‌లో నైజీరియాలోని లాగోస్‌లో జరిగిన డబ్ల్యూటీటీ కంటెండర్ పోటీ అంతకంటె పెద్దది. ఫైనల్లో చైనా క్రీడాకారిణి డింగ్ యిజీ చేతిలో తొలి గేము కోల్పోయిన శ్రీజ, తరువాతి నాలుగింటినీ వరుసగా గెలుచుకుంది. ఆ స్థాయి పోటీలో సింగిల్స్ టైటిల్ పొందిన తొలి భారతీయురాలు ఆమే. అర్చనా కామత్‌తో కలిసి డబుల్స్ టైటిల్‌ను కూడా అక్కడే అందుకుంది.

పారిస్‌లో జూలై 31న, తన ఇరవై ఆరవ పుట్టినరోజునాడు, సింగపూర్‌కు చెందిన జెంగ్ జియాన్‌ను ఓడించి ప్రీక్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ ప్రపంచ ప్రథమ ర్యాంకు క్రీడాకారిణి సున్ యింగ్షా ఎదురైంది. ఫలితం 0-4. పట్టికలో అది ఏకపక్షంగానే కనిపిస్తుంది. కాని తొలి రెండు గేములూ 10-12తో చేజారినవే. పదేసి పాయింట్లతో సమమైనప్పుడు గేము గెలవడానికి రెండు పాయింట్ల ఆధిక్యం కావాలి. రెండు పర్యాయాలూ ఆ ఆధిక్యం సున్‌కే దక్కింది.