వీధి మూసే ముందు

కోయంబత్తూరు

చిరంజీవి పాపకు చిన్నాయన ఆశీర్వదించి రాసేది.

మీ నైనకు మోకాలి నొప్పి తగ్గిందని విని సంతోషించాను. మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు బస్సులో ఉన్నాను. సగం మాటలు వినపడలేదు గానీ సంగతి అర్థమైంది. మారియమ్మ పొంగలికి మన వీధి పిల్లకాయలు రెండు రాత్రులు రోడ్డు మూసి, పందిలి వేసి, ఆటపాట పెడతామంటున్నారు. కోవెల ముందు చోటు చాలదట, పందిలి పెద్దరోడ్డు దాకా రావాలట. "కౌన్సిలరక్క ఒక లెటరు రాసిస్తే చాలు" అని నీ వెంట పడుతున్నారు. ఇది ఫోనులో తేలేది కాదు. నీకు తెలుగు అక్షరాలు దిద్దించింది నేనే గనుక తెలుగులోనే రాస్తున్నాను. నిదానంగా చదువుకో.

లెటరు రాసివ్వొద్దు. ఎందుకో విను.

పేరూరాట్చి (పట్టణ పంచాయతీ) ఆఫీసుల్లో ఫైళ్లు మోసి జుట్టు నెరిసినవాణ్ణి. కౌన్సిలర్లు తమ లెటర్‌ప్యాడ్ మీద రాసిచ్చిన "అనుమతులు" ఎన్నో చూశాను. చట్టం ముందు అవి చిత్తుకాగితాలు. కౌన్సిలు చేసేది తీర్మానం, ఉత్తర్వు మీద సంతకం ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు ఈ.ఓ.ది. ఆ ఈ.ఓ. చేతిలోనైనా ఉన్నదెంత? నిన్న మొన్నటిదాకా మన పేరూరాట్చీలు 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టం కింద నడిచాయి. మరమ్మతుకో, మురుగుకాలువ పనికో, నీళ్ల గొట్టానికో వీధిని తాత్కాలికంగా మూయొచ్చని అందులో ఉంది. పని తొందరగా ముగించి వీధి తెరవాలన్న షరతు కూడా దాన్నంటుకునే ఉంది. పండగలప్పుడు వీధిలో పందిలికి లైసెన్సు ఇవ్వడం వేరే సంగతి, దానికి వేరే షరతులు. 2023 ఏప్రిల్లో ఆ చట్టం పోయి 1998 నాటి నగర స్థానిక సంస్థల చట్టం అమల్లోకి వచ్చింది. కొత్త రూల్సు పుస్తకం ఈ.ఓ. బల్ల మీదే ఉంటుంది, అడిగి చదువు. చదవమని అడిగే కౌన్సిలరంటే ఆఫీసులో కొంచెం భయం కూడా ఉంటుంది, అది మంచిదే.

బండ్లు ఆపడం ఇంకో చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షను ప్రకారం ఫలానా రోడ్డు మీద బండ్లు నడపకూడదని చెప్పే అధికారం సర్కారుది, లేదా సర్కారు అప్పగించిన అధికారిది. నెల లోపలి నిషేధానికి గెజెట్‌లో వేయనక్కర్లేదు, కానీ ఊళ్లో వీలైనంతగా చాటింపు చేయాలి. ఊరేగింపు ఏ దారిన, ఎన్ని గంటలకు అన్నది పోలీసులు తేలుస్తారు. అంటే నువ్వు రాసిచ్చే లెటరులో నీది కాని అధికారం ఇస్తున్నావన్న మాట. రేపు ఏదైనా జరిగితే ఆ కాగితం మీద కనపడే పేరు మాత్రం నీదే.

ఇంకో పని చెయ్యి. ఆఫీసులో రోడ్ల రిజిస్టరు తీయించు. ఏ రోడ్డు ఎవరిదో అందులో తెలుస్తుంది. కోవెల ముందు వీధి పేరూరాట్చిది అయితే సరే. కొన్ని రోడ్లు రాష్ట్ర నెడుంజాలై (రహదారుల) శాఖవి. పెద్దరోడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. మదురై నుంచి తేని, బోడి, మూణారు మీదుగా కొచ్చి దాకా పోయే 85వ నంబరు జాతీయ రహదారి అది. పేరూరాట్చి దాని మీద ఒక మేకు కొట్టే వీలు కూడా లేదు. కార్తీకం వస్తే శబరిమలకు పోయే బండ్లు ఆ దారినే. తేని మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్న కె. విలక్కు కూడా ఆ రోడ్డు మీదే. మన ఊళ్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే 108 బండి ఎటు పోవాలో పిల్లకాయలనే అడుగు. పందిలి పెద్దరోడ్డు దాకా రాకూడదని నువ్వు చెప్పనక్కర్లేదు, వాళ్లే ఒప్పుకుంటారు.

ఒప్పుకోకపోతే వాళ్ల తప్పు కాదు. ఆండిపట్టి పిల్లలు రోడ్డు మూయడమంటే గొప్ప అనుకుంటూ పెరిగారు. 1984లో ఎం.జి.ఆర్. అమెరికా ఆసుపత్రిలో మంచం మీద ఉండి గెలిచింది మన ఊరి నుంచే. 2002లో, 2006లో జయలలిత ఇక్కడి నుంచే గెలిచింది. అంత పెద్దవాళ్ల ఊరు కదా, కాన్వాయి, పోలీసు తాడు, రెండు పక్కలా జనం, అదంతా చూసిన వాళ్లకు తమ పండగకూ ఆ హంగు కావాలనిపిస్తుంది.

అయితే హంగు ఎక్కడిదాకా పోతుందో కూడా మనం చూశాం. 2025 సెప్టెంబరు 27న కరూరు వేలుచామిపురంలో నటుడు విజయ్ పార్టీ సభలో తొక్కిసలాట జరిగి 41 మంది పోయారు. 2022 ఏప్రిల్ 27న తంజావూరు దగ్గర కళిమేడులో తెల్లవారుజామున తేరు హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది పోయారు. రోడ్డు మళ్లీ వేసినప్పుడు మట్టం లేచిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. తేరు పాతదే, తీగ పాతదే, రోడ్డు మాత్రం ఎత్తు పెరిగింది. అందుకే కరెంటు ఆఫీసు నుంచి మనిషిని పిలిపించి, పందిలి వేయకముందే తీగల కింద నడిపించు.

అలాగని అసలు ఎవరికీ అనుమతి ఇవ్వకపోతే గొడవే ఉండదు కదా అనుకోకు. ఆంధ్రలో అలాగే అనుకున్నారు. 2022 డిసెంబరు 28న కందుకూరులో 8 మంది, నాలుగు రోజులకే గుంటూరులో 3 మంది తొక్కిసలాటల్లో పోతే, 2023 జనవరి 2న అక్కడి సర్కారు జీవో నంబరు 1 తెచ్చింది. 1861 నాటి పోలీసు చట్టం పట్టుకుని, అరుదైన సందర్భాల్లో తప్ప జాతీయ రహదారి మొదలు పంచాయతీ రోడ్డు దాకా ఎక్కడా సభలు పెట్టకూడదంది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. వీధిలో నడిచిపోయే హక్కు ఎంత పాతదో గుంపుగా పోయే హక్కూ అంత పాతది. 1883లోనే మన మద్రాసు హైకోర్టు సేలం ఊరేగింపుల కేసులో చెప్పింది, పక్కవాడి వాడకాన్ని చెడగొట్టనంతవరకు వీధిలో ఊరేగింపు పోవచ్చని.

ఇంగ్లండులో చూడు, ఆటలకూ వేడుకలకూ రోడ్డు మూసే అధికారం స్థానిక కౌన్సిళ్లకే ఉంది. 1994లో దానికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. దాంట్లో మూడు రోజులే గడువు. అదే రోడ్డును ఆ ఏడాది మళ్లీ మూయాలన్నా, గడువు పెంచాలన్నా పైనుంచి అనుమతి తెచ్చుకోవాలి. నాకు నచ్చింది ఆ గడువు. మన దగ్గర మూసే గంట అందరికీ తెలుసు, తెరిచే గంట ఎవరికీ తెలీదు.

మన నేతగాళ్ల వీధుల్లో ఆ తెరిచే గంట ఉండేది. తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు చాచి గంజి పెట్టేవాళ్లు. రెండు చివరలా గుంజలు, మధ్యలో దారాలు సర్దుకుంటూ ఇంటిల్లిపాదీ. బండి రాదు, ఆవు కూడా రాదు. ఎండ ముదిరేసరికి పడుగు చుట్టేసి గుంజలు పక్కన పెట్టేవాళ్లు, వీధి ఎప్పటిలాగే. దానికి తీర్మానం లేదు, లైసెన్సు లేదు. గంట మాత్రం తప్పేది కాదు.

ఇక గుంటల సంగతి. దీన్ని చిన్న విషయం అనుకోకు, నాకు అన్నిటికంటే కోపం వచ్చేది దీని మీదే. పందిలి గుంజకోసం గడ్డపారతో సిమెంటు రోడ్డు పొడుస్తారు. పండగ అయ్యాక గుంజ పీకేస్తారు, జానెడు గుంట మిగులుతుంది. వానకు అందులో నీళ్లు నిలిస్తే అది గుంటని కూడా తెలీదు. స్కూటీ ముందు చక్రం సరిగ్గా దాంట్లోనే దిగుతుంది. ఇసుక పోసిన డ్రమ్ముల్లో గుంజలు నిలబెట్టమను. రోడ్డు పొడవరాదని లైసెన్సులోనే రాయించు. ముందే డిపాజిట్టు కట్టించుకుని, రోడ్డు చూశాకే తిరిగివ్వాలని కౌన్సిలు కూటంలో తీర్మానం పెట్టు. అది మాత్రం నీ చేతిలో ఉన్న పని.

ఆ తీర్మానం అందరికీ ఒకటే కావాలి. మన వీధికి ఒక లెక్క, కాలనీ వాళ్ల ఊరేగింపుకు ఇంకో లెక్క, పళ్లివాసలు (మసీదు) ముందు మూడో లెక్క అంటే ఒప్పుకోకు. పేరూరాట్చి వీధులు కులమతాలతో పని లేకుండా అందరివీ అని ఆ పాత చట్టంలోనే రాసుంది. "ఇది మన వీధి" అన్న మాట ఇంట్లో చెల్లుతుంది, రిజిస్టరులో చెల్లదు. మన పెద్దవాళ్లలో కొందరికి ఈ మాట గొంతు దిగదు. నైన ముందు నేను చెబుతాను, నువ్వు కౌన్సిలులో చెప్పు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. పిల్లకాయలతోనే ఈ.ఓ.కు ఒక అర్జీ, పోలీసు స్టేషనుకు ఒకటి రాయించు. పందిలి కోవెల ముందు వీధిలోనే. ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటలదాకా, బండ్లు ఏ వీధిన తిరిగిపోవాలి, 108 బండికి ఎంత దారి వదులుతారు, మైకు ఎన్నింటికి ఆపుతారు, మర్నాడు వీధి ఊడ్చే బాధ్యత ఎవరిది, అన్నీ పేర్లతో సహా అందులో ఉండాలి. రెండు అర్జీలకూ ముద్ర వేయించుకుని నకళ్లు దాచుకోమను. రాసినదాన్ని ఇచ్చేముందు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, చూసి చెబుతాను. పొంగలికి మేమంతా వస్తున్నాం.

ఇట్లు
మీ చిన్నాయన