బండి అరుస్తోంది, కదలడం లేదు

ఇంట్లో కుట్టు మిషను ఉన్నవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. కాలితో తొక్కుతూనే ఉంటారు. కింద పెద్ద చక్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. పైన సూది మాత్రం కదలదు. కదిలినా ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు ఏం చేస్తారు? మిషను పాడైందని అమ్మేస్తారా? అమ్మరు. తోలు బెల్టు వదులైందని తెలుసుకుంటారు. కొస కొంచెం కోసి, మళ్లీ క్లిప్పు వేసి బిగిస్తారు. మిషను మామూలుగా కుడుతుంది.

కాలిలో బలం తగ్గలేదు. సూదిలో లోపం లేదు. మధ్యలో బలాన్ని మోసుకెళ్లే బెల్టు జారింది. అంతే.

గేర్లు లేని స్కూటరుకు కూడా ఇదే జబ్బు వస్తుంది. మన దేశంలో 1980లలో కైనెటిక్ హోండా ఇలాంటి బండి. 2001లో యాక్టివా వచ్చింది. ఆ తర్వాత ఈ బండ్లు ఊరూరా కనబడుతున్నాయి. పాలు పోసేవాళ్లు, పూలమ్మేవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఎందరో ఆడవాళ్లు వీటి మీదే పనులకి వెళ్తున్నారు. కొత్త బండి కొనలేక పాత బండి కొన్నవాళ్లూ ఉన్నారు. పాత బండిలో ఈ జబ్బు తరచుగా కనబడుతుంది.

గేర్లు లేని బండి అంటాం. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు బండికి బలం కావాలి. చదును రోడ్డు మీద వేగం కావాలి. మోటారు సైకిలు నడిపేవాళ్లు ఇందుకోసం కాలితో గేరు మారుస్తారు. ఈ స్కూటరు ఆ పని తనంతట తానే చేసుకుంటుంది. అందుకే దీన్ని ఆటోమేటిక్ అంటారు.

ఎలా చేసుకుంటుందో చూద్దాం.

బండికి ఎడమ పక్కన కింద ఒక పొడవాటి డబ్బా ఉంటుంది. చాలా బండ్లకి కిక్కు రాడ్డు ఉండేది దాని మీదే. ఆ డబ్బా లోపల రెండు పుల్లీలు ఉంటాయి. ముందు పుల్లీ ఇంజనుతో పాటు తిరుగుతుంది. వెనక పుల్లీ వెనక చక్రం దగ్గర ఉంటుంది. రెండింటినీ కలుపుతూ ఒక రబ్బరు బెల్టు ఉంటుంది.

ఈ పుల్లీ నూతి గిలక లాంటిది కాదు. రెండు పళ్లేలు తీసుకోండి. వీపూ వీపూ ఆనించి నిలబెట్టండి. వాటి మధ్య ఒక సందు కనబడుతుంది కదా. ఆ సందులో బెల్టు తిరుగుతుంది. పళ్లేలు దగ్గరికి జరిగితే సందు ఇరుకవుతుంది. బెల్టు అంచు వైపు పైకి లేస్తుంది. పళ్లేలు దూరం జరిగితే బెల్టు లోపలికి దిగుతుంది.

ముందు పుల్లీలో చిన్న చిన్న రోలర్లు ఉంటాయి. చాలా బండ్లలో ఇవి ఆరు. ఇంజను జోరుగా తిరిగితే రోలర్లు బయటికి జరుగుతాయి. అవి పళ్లేలను దగ్గరికి నెడతాయి. ముందు బెల్టు పైకి లేస్తుంది. బెల్టు పొడవు మారదు కదా. అందుకని వెనక పుల్లీలో బెల్టు లోపలికి దిగుతుంది. ముందు చిన్న చుట్టు, వెనక పెద్ద చుట్టు ఉంటే బలం. ముందు పెద్ద చుట్టు, వెనక చిన్న చుట్టు ఉంటే వేగం. ఇదే ఈ బండి గేరు.

ఇంకొక భాగం ఉంది. దాని పేరు క్లచ్. జాతరలో రంగుల రాట్నం చూసే ఉంటారు. ఆగి ఉన్నప్పుడు కుర్చీలు కిందికి వేలాడుతాయి. జోరుగా తిరిగితే బయటికి విసురుకుంటాయి. క్లచ్ షూలు కూడా అంతే. ఇంజను నెమ్మదిగా తిరిగితే అవి లోపలే ముడుచుకుని ఉంటాయి. అందుకే బండి స్టార్టయినా ముందుకి దూకదు. రేజు ఇస్తే షూలు బయటికి విసురుకుంటాయి. చుట్టూ ఉన్న ఇనప డ్రమ్మును పట్టుకుంటాయి. డ్రమ్ము తిరుగుతుంది. చక్రం కదులుతుంది.

అంటే జారడానికి రెండు చోట్లు ఉన్నాయి. పుల్లీలో బెల్టు జారవచ్చు. డ్రమ్ములో షూలు జారవచ్చు.

రాజమహేంద్రవరంలో గుడి దగ్గర పూలమ్మే ఒకామె ఉంది. తెల్లారకుండానే కడియపులంక పూల మార్కెట్టుకి వెళ్తుంది. బంతి, చామంతి, కనకాంబరాలు మూట కట్టించుకుని వస్తుంది. ఆమెది పాత స్కూటరు. రెండో చేతిలో కొన్నది.

శ్రావణమాసం వచ్చింది. బేరాలు బాగా ఉండే నెల. ఆ నెలలోనే బండి మొరాయించింది. కాలవ గట్టు ఎక్కేటప్పుడు ఇంజను గోలగా అరిచేది. బండి మాత్రం నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోయేది. పూలు ఆలస్యంగా చేరేవి. ఎనిమిది దాటితే గుడి దగ్గర బేరం పోయినట్టే. మిగిలిన పూలు సాయంత్రానికి వడిలిపోయేవి.

మరిది ఒక మెకానిక్కుకి ఫోను చేశాడు. "బండి లాగట్లేదు" అని చెప్పాడు.

తర్వాత వదినతో అన్నాడు. "ఇంజను అయిపోయిందంట వదినా. బోరు చేయించాలంట. ఎనిమిది వేలు అవుతుందంట. లేకపోతే వచ్చిన కాడికి అమ్మేద్దాం."

ఎనిమిది వేలు ఆమె దగ్గర లేవు. తేవాలంటే వారం వడ్డీకి తేవాలి.

ఆమె ఆ రోజు అప్పు తేలేదు. బండిని నెమ్మదిగా నడుపుకుంటూ కాలవ రోడ్డులో ఉన్న ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన వెంటనే పానా పట్టుకోలేదు. ముందు అడిగాడు.

"రేజు ఇస్తే సౌండు పెరుగుతోందా అమ్మా?"

"ఆయ్, పెరుగుతోందండీ. తెగ అరుస్తోంది. బండి మటుకు కదలదు."

"వెనక పొగ వస్తోందా?"

"లేదండీ."

"ఇంజన్ ఆయిల్ తగ్గుతోందా?"

"మొన్నే చూపించానండీ. తగ్గలేదన్నారు."

"బయల్దేరేటప్పుడు ఇబ్బందా? గట్టెక్కేటప్పుడు ఇబ్బందా?"

"బయల్దేరడం బాగానే బయల్దేరుతుందండీ. గట్టెక్కేటప్పుడే ఈ తంటా."

"వాన పడితేనే ఇలా ఉంటోందా?"

"వానకీ అంతే, ఎండకీ అంతేనండీ. ఆగాక ఏదో రబ్బరు కాలిన వాసన కూడా వస్తోంది."

"అయితే ఇంజను జోలికి పోవద్దమ్మా. ముందు బెల్టు చూద్దాం" అన్నాడు మేస్త్రి.

ఆయన ఊరికే అడగలేదు. ఒక్కొక్క ప్రశ్న వెనక ఒక్కొక్క లెక్క ఉంది.

అన్నిటికంటే ముఖ్యం మొదటి ప్రశ్న. ఇంజను బలహీనపడితే సౌండే పెరగదు. రేజు ఎంత తిప్పినా గొంతు పూడుకుపోయినట్టు మూలుగుతుంది. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా, ప్లగ్గు పాడైనా ఇలాగే ఉంటుంది. ఇంజను లోపల బాగా అరిగితే నీలం రంగు పొగ రావచ్చు. ఆయిల్ తగ్గిపోవచ్చు. బెల్టుగానీ క్లచ్‌గానీ జారితే అలా కాదు. సౌండు మామూలు కంటే ఎక్కువగా పెరుగుతుంది. వేగం మాత్రం పెరగదు. ఇంజను బలం తయారుచేస్తూనే ఉంది. ఆ బలం చక్రానికి చేరడం లేదు.

ఫోనులో విన్న మెకానిక్కు మోసం చేశాడని అనుకోనక్కర్లేదు. "లాగట్లేదు" అనే మాటకి పది కారణాలు ఉంటాయి. ఆయనకి ఆ ఒక్క మాటే చెప్పారు. "సౌండు పెరుగుతోంది, బండి కదలట్లేదు, గట్టు మీద ఎక్కువ" అని చెప్పి ఉంటే ఆయనా బెల్టునే అనుమానించేవాడేమో. డాక్టరు దగ్గర "ఒంట్లో బాలేదు" అంటే సరిపోతుందా? ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఏం తింటే ఎక్కువవుతోంది, ఇవన్నీ చెప్పాలి కదా.

బయల్దేరేటప్పుడు ఇబ్బంది ఉంటే క్లచ్ షూలను చూడాలి. రేజు ఇచ్చిన కాసేపటికి గానీ బండి కదలదు. కదిలేటప్పుడు వణుకుతుంది, కుదుపుతుంది. బయల్దేరడం బాగుండి, ఎత్తు మీద, బరువు మీద జారితే బెల్టును ముందు చూడాలి. రోలర్లు ఒక పక్కన అరిగినా బండి తేడాగా నడుస్తుంది. ఒక వేగం దగ్గర ఆగిపోయినట్టు ఉంటుంది. ఇవి ముందు అనుమానాలే. మూత విప్పి చూశాకే ఖాయం చేయాలి.

వాన సంగతి ఎందుకు అడిగాడు? రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడు బండి పోనిస్తే బెల్టు డబ్బాలోకి నీళ్లు పోవచ్చు. తడి బెల్టు జారుతుంది. ఆరితే మళ్లీ పట్టుకుంటుంది. అలాంటప్పుడు బెల్టు మార్చక్కర్లేదు. డబ్బా విప్పి తుడిస్తే చాలు. డబ్బాలోకి ఆయిల్ కారితే మాత్రం అలా కాదు. ఆయిల్ తగిలిన రబ్బరు పాడవుతుంది. ముందు ఆయిల్ ఎక్కడినుంచి వస్తోందో చూసి ఆపాలి. తర్వాతే కొత్త బెల్టు వేయాలి. లేకపోతే కొత్త బెల్టుకీ అదే గతి.

మేస్త్రి ఇంకొక పని చేశాడు. ఇంజను ఆపి బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టాడు. వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. తేలిగ్గా తిరిగింది. వెనక బ్రేకు పట్టేసి ఉంటే చక్రం బిగుసుకుని ఉంటుంది. అప్పుడు బండి మీద ఎప్పుడూ బరువు ఉన్నట్టే. అదీ లాగదు. ఇది మనమూ ఇంట్లో చూసుకోవచ్చు. టైర్లలో గాలి కూడా చూసుకోవాలి. గాలి తక్కువైనా బండి బరువుగా నడుస్తుంది. గాలికి పెద్ద ఖర్చు లేదు. ముందు అది చూసుకున్నాకే మెకానిక్కు దగ్గరికి వెళ్లడం మంచిది.

ఒక జాగ్రత్త. స్టాండు మీద పెట్టి చక్రం చూసేటప్పుడు ఇంజను ఆపే ఉండాలి. తిరిగే చక్రం దగ్గరికి చెయ్యి పోనివ్వకూడదు. చీర కొంగు, చున్నీ దోపుకోవాలి. కొందరు బ్రేకు గట్టిగా పట్టుకుని రేజు మొత్తం తిప్పి పరీక్ష చేస్తారు. అది మంచిది కాదు. క్లచ్ వేడెక్కి, బాగున్న షూలు కూడా కాలిపోతాయి.

మేస్త్రి ఎడమ పక్క మూత విప్పాడు. లోపల నల్లటి పొడి కనబడింది. అది అరిగిన రబ్బరు. బెల్టు తీసి చూపించాడు. వంచితే లోపలి వైపు పగుళ్లు కనబడ్డాయి. పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి. పక్కన కొత్త బెల్టు పెట్టాడు. పాతది వెడల్పు తగ్గిపోయింది. అరిగి సన్నబడిన బెల్టు సందులో బిగువుగా కూర్చోదు. రోలర్లలో మూడు ఒక పక్కన పలకగా అరిగాయి. గుండ్రంగా లేవు. క్లచ్ షూలు బాగానే ఉన్నాయి. అవి మార్చలేదు.

బెల్టు, రోలర్లు, కూలి కలిపి 1,250 రూపాయలు అయింది. ఆమె బిల్లు రాయించుకుంది. అంకెలు తనే కూడి చూసుకుంది. పాత బెల్టు కూడా అడిగి తెచ్చుకుంది. మరిదికి చూపించాలి మరి!

కొంచెమే జారుతోంది కదా, పండగలు అయ్యాక చూద్దాం అనుకుంటే ఏమవుతుంది? జారేకొద్దీ బెల్టు వేడెక్కుతుంది. వేడెక్కితే ఇంకా త్వరగా అరుగుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చివరికి ఏదో ఒక రోజు బెల్టు తెగుతుంది. ఇంజను నడుస్తూనే ఉంటుంది. బండి మాత్రం ఉన్నచోటే ఆగిపోతుంది. అది చీకట్లో అయినా కావచ్చు. పెద్ద రోడ్డు మీద లారీల మధ్య అయినా కావచ్చు.

కార్లలో కూడా ఆటోమేటిక్ గేరు ఉంటుంది. పాత ఆటోమేటిక్ కార్లలో ఇదే గొడవ వస్తుంది. ఇంజను అరుస్తుంది, కారు కదలదు. అయితే చాలా పాత కార్లలో రబ్బరు బెల్టు ఉండదు. ఒక రకం నూనె ఒత్తిడితో లోపలి పలకలు బిగుసుకుంటాయి. ఆ నూనె తగ్గితే పలకలు జారతాయి. అందుకే అక్కడ ముందు చూడాల్సింది నూనె. కొత్తప్పుడు అది చాలా కార్లలో ఎర్రగా ఉంటుంది. గోధుమ రంగుకి తిరిగి, మాడు వాసన వస్తే లోపల పలకలు కాలుతున్నాయని అర్థం. కారు డ్రైవర్ల ఇళ్లలో ఉన్నవాళ్లకి ఇది పనికొస్తుంది.

బెల్టు ఎన్నాళ్లకి మార్చాలి? బండితో పాటు కంపెనీవాళ్లు ఒక పుస్తకం ఇస్తారు. అందులో ఎన్ని కిలోమీటర్లకి ఏం మార్చాలో రాసి ఉంటుంది. అన్ని బండ్లకీ ఒకే లెక్క ఉండదు. పాత బండి కొనేటప్పుడు ఆ పుస్తకం అడిగి తీసుకోవాలి. బెల్టు ఎప్పుడు మార్చారో కూడా అడగాలి. పూలమ్మే ఆమెకి అమ్మినవాళ్లు ఆ సంగతి చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఇప్పుడు పూల బాకీలు రాసుకునే నోటుపుస్తకంలోనే చివరి పేజీ బండికి కేటాయించింది. తేదీ వేసింది. "బెల్టు, రోలర్లు కొత్తవి" అని రాసింది. మీటరు చూసి అంకె ఎక్కించింది. 31,460.

మీరూ ఈ లెక్క చేయండి.

ఆమె 20,000 కిలోమీటర్లు నడిచాక బెల్టు మళ్లీ విప్పించి చూడాలనుకుంది. అప్పటికి మీటరులో ఏ అంకె ఉంటుంది?

............................

ఆమె రోజుకి 25 కిలోమీటర్లు తిరుగుతుంది. 20,000 కిలోమీటర్లు తిరగడానికి ఎన్ని రోజులు పడుతుంది?

............................

మీ ఇంట్లో బండి ఉంటే, ఈ రోజు దాని మీటరులో ఉన్న అంకె ఇక్కడ రాయండి.

............................