అంకెల పరిక్రమణం

ఒక సంఖ్యను తీసుకొని, అందలి అంకెలను విడదీసి, ఒక్కొక్కదాని వర్గాన్ని కనుగొని, ఆ వర్గాలన్నింటినీ కూడితే మరొక సంఖ్య లభిస్తుంది. దానికీ ఇదే ప్రక్రియ జరిపితే ఇంకొకటి. ఇలా పోగా పోగా ఈ యాత్ర ఎక్కడ ముగుస్తుంది? ఎక్కాలు వచ్చిన పిల్లవాడైనా అడగదగిన ప్రశ్నయే ఇది.

19ని పరిశీలిద్దాం. 1, 81 కలిస్తే 82. అందుండి 68, అటుపై 100, చివరకు 1. ఇక కదలిక లేదు. ఇట్లు 1ని చేరే సంఖ్యలకు 'హ్యాపీ నంబర్లు' అని పేరు. తెలుగులో సంతోష సంఖ్యలనవచ్చు. 100 వరకు ఇవి ఇరవై మాత్రమే. తక్కినవాటి గతి వేరు. 4తో మొదలుపెడితే 16, 37, 58, 89, 145, 42, 20 వచ్చి, మరల 4 వస్తుంది. గానుగెద్దు నడక వంటిదే ఇది. ఏ సంఖ్యయైనా 1ని చేరాలి, లేదా ఈ ఎనిమిదింటి వలయంలో పడాలి. మూడవ దారి లేదు. ఆర్థర్ పోర్జెస్ 1945లో ఈ ఎనిమిది సంఖ్యలను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు.

ఇందలి కారణం సులభగ్రాహ్యం. 9999 అంతటి సంఖ్య కూడా ఒక్క అడుగులో 324కు దిగిపోతుంది. మూడంకెల సంఖ్య నుండి 243కు మించినది రాదు. కనుక ఎంత పెద్ద సంఖ్యయైనా తుదకు 243 లోపలికి రాక తప్పదు. అక్కడున్న సంఖ్యలు పరిమితం. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు వచ్చినదే తిరిగి రావాలి. ఆ కొద్ది సంఖ్యలను వరుసగా పరీక్షిస్తే నిర్ణయం పూర్తవుతుంది.

వర్గాలకు బదులు ఘనాలను కూడితే వింత మరింత పెరుగుతుంది. (వర్గం, ఘనం అనే మాటలు నేటివి కావు, పావులూరి మల్లన తెనిగించిన గణితసారసంగ్రహానికి మూలకర్తయైన మహావీరాచార్యుడు వాడిన పరిభాషయే అది.) మూడుచేత భాగింపబడే ఏ సంఖ్యయైనా 153ను చేరుతుంది. 12 నుండి 9, 729, 1080, 513, 153. మూడుచేత భాగించినప్పుడు అంకెకూ దాని ఘనానికీ ఒకే శేషం మిగులుతుంది కనుక, మూడు గుణిజాల దారి ఎన్నడూ ఆ కులాన్ని విడిచిపోదు. తమ అంకెల ఘనాల మొత్తానికి తామే సమానమైన సంఖ్యలు 1 కాక నాలుగే: 153, 370, 371, 407.

రామానుజన్ ప్రతిభను లోకానికి చాటిన జి.హెచ్. హార్డీ 1940లో వెలువరించిన గ్రంథంలో ఈ నాలుగింటినే ఉదాహరించి, ఇవి పత్రికల వినోద శీర్షికలకు తగినవే కాని గణితజ్ఞుణ్ణి ఆకర్షించేవి కావని తీర్పు చెప్పాడు. ఆ నాలుగింటి వరకు ఆ తీర్పు న్యాయమే కావచ్చు; ఈ ప్రక్రియ అంతటికీ అది చెల్లదు. సంతోష సంఖ్యలు వరుసగా ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయని 2000లో నిరూపించారు. సంఖ్యలన్నింటిలో వాటి పాలెంత అన్న ప్రశ్న ఇంకా లోతైనది. ఆ నిష్పత్తి ఏ ఒక్క విలువ వద్దా కుదురుకోదనీ, కొన్ని హద్దుల వరకు లెక్కిస్తే ఆరోవంతుకు మించి, మరికొన్నింటి వరకు లెక్కిస్తే ఎనిమిదోవంతుకన్న తక్కువై ఊగిసలాడుతుందనీ జస్టిన్ గిల్మర్ 2013లో ప్రచురించిన వ్యాసంలో చూపాడు.

1729 సామాన్యమైన సంఖ్య అని రామానుజన్ ఎదుట అన్నవాడు కూడ హార్డీయే. ఆ సంఖ్యకు ఘనాల ప్రక్రియ జరిపితే 1081, 514, 190, 730 దాటి 370 వద్ద నిలుస్తుంది.